బాపమ్మ చెయ్యి, కోడి రెక్క

పోయిన నెలలో బడి నుంచి ఫోన్ వచ్చింది. నేను ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ జీవశాస్త్రం చెప్పిన బడి అది, ఆబిడ్స్ పెద్ద రోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఒక సందులో ఉంటుంది. "మేడమ్, ల్యాబ్ రూమ్ ఖాళీ చేస్తున్నం. స్మార్ట్ క్లాస్ పెడుతున్నరు. పాత అల్మారాల మీ సామాన్లు ఉన్నయి. వచ్చి తీస్కపోతరా, పారెయ్యమంటరా?" అని అడిగింది అవతలి అమ్మాయి. పేరు శ్రావణి. నా తర్వాత ఇద్దరు ముగ్గురు మారాక వచ్చిన బయాలజీ టీచరు. పారెయ్యమనే అనబోయాను. ఈ మధ్య ఎవరేం అడిగినా అదే జవాబు ముందు నోటికొస్తోంది. మోకాళ్ళు, ఎండ, మెట్రో మెట్లు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అయినా ఎందుకో "ఎల్లుండి వస్తానమ్మా" అన్నాను.

నాంపల్లిలో మెట్రో దిగి ఆబిడ్స్ వైపు నడిచాను. ఒకప్పుడు రోజూ ఇదే దారి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో చార్టుల చుట్ట పట్టుకుని, గంట కొట్టేలోపు చేరాలని ఉరికేదాన్ని. ఇప్పుడు మధ్యలో రెండు చోట్ల ఆగాను. ఒకచోట మందుల దుకాణం అరుగు మీద కూర్చున్నాను కూడా. ఎవరూ ఏమీ అనలేదు. ముసలివాళ్ళు కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు, చూడనైనా చూడరు.

శ్రావణి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని అల్మారా తలుపు తీసింది. ఫార్మలిన్ వాసన గుప్పున కొట్టింది. ఆ పిల్లకు దగ్గొచ్చింది, నాకు మాత్రం ఇంటికొచ్చినట్టయింది. పై అరల్లో సీసాలు, వాటిలో తెల్లబడిపోయిన కప్పలు, ఒక తేలు. అడుగు అరలో చార్టుల కింద ఒక దళసరి అట్ట. దాని మీద నాలుగు వస్తువులకు చోటు. మొదటి చోట ఇనుప తీగతో కుట్టిన మేక ముంగాలి ఎముకలు. రెండో చోట కోడి రెక్క ఉండాలి, తీగ మాత్రమే మిగిలింది, ఎముకలు ఎలుకల పాలయ్యాయి. మూడో చోట రంగు పెన్సిళ్ళతో గీసిన గబ్బిలం రెక్క. నాలుగో చోట ఒక ఎక్స్‌రే ఫిల్మ్. శ్రావణి దాన్ని ఊడదీసి కిటికీ వెలుగుకు పట్టి "ఇదెవరిది మేడమ్?" అంది. "మా బాపమ్మది" అన్నాను. ఆ పిల్ల చప్పున ఫిల్మ్ బల్ల మీద పెట్టేసి చెయ్యి చున్నీకి తుడుచుకుంది.

బాపమ్మంటే మా నాన్న తల్లి. నాన్నను మేం బాపు అనేవాళ్ళం. నాంపల్లిలో ఒక వాకిలి, రెండు పోర్షన్లు ఉన్న పాత ఇంట్లో ముందు భాగం మాది. మాది నీసు ముట్టని ఇల్లు. గుడ్డు అన్న మాట కూడా భోజనాల దగ్గర ఎవరూ అనకూడదు. బాపుకు ఆబిడ్స్‌లో కాగితాలు, కలాలు, అట్టలు అమ్మే దుకాణం ఉండేది. చుట్టుపక్కల బళ్ళకు చార్టులు, జిగురు, రంగులు అన్నీ అక్కడి నుంచే వెళ్ళేవి. ఇంట్లో ఆయన మాట మీద మాట లేదు, ఒక్క బాపమ్మ దగ్గర తప్ప. ఆమె తెల్లవారకముందే చన్నీళ్ళు పోసుకుని, తడి చీరతోనే తన పొయ్యి వెలిగించుకునేది. ఆమె తినేదాకా ఆ గది వైపు ఎవరూ పోకూడదు. ఇంగువ తాలింపు వాసన, చింతపండు చారు పొంగే వాసన, ఆ తర్వాత వెన్న కాచే వాసన, ఈ మూడింటిని బట్టి మేం పొద్దు ఎంతైందో చెప్పుకునేవాళ్ళం. ఆమె ముక్కు మాత్రం మా అందరి కంటే చురుకైంది. గడపలో అడుగు పెట్టగానే వాసన పట్టి ఎవరు ఎక్కడెక్కడ తిరిగి వచ్చారో చెప్పేది. బాపు మీద కొత్త కాగితం వాసన, తమ్ముడి మీద మైదానం దుమ్ము వాసన, నా మీద ఫార్మలిన్ వాసన.

నేను జంతుశాస్త్రం చదువుతానన్నప్పుడు బాపు ససేమిరా అన్నాడు. "కప్పలు కోసే సదువు మనింట్ల ఎవలు సదివిన్రు? లెక్కలు సదువు, లేకుంటె ఇంట్ల కూసో" అన్నాడు. బాపమ్మే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. కొడుకు కాదన్న దాన్ని ఔననటం ఆమెకు సరదా, అదే కారణమేమో. కానీ ఒక షరతు పెట్టింది. కాలేజీ నుంచి వచ్చినా, తర్వాత బడి నుంచి వచ్చినా, వెనక తలుపు దగ్గరి స్నానాల గదిలో తలారా నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని లోపలికి రావాలి. రోజూ సాయంత్రం నేను వచ్చేసరికి అక్కడ నిండు బకెట్, దండెం మీద ఉతికిన చీర సిద్ధంగా ఉండేవి. బకెట్ ఆమే నింపేది. "బాపమ్మా, ఇయ్యాల ఆకుల పాఠమే చెప్పిన, కప్పను ముట్టనే లే" అని ఎంత బతిమాలినా వినేది కాదు. "ఆకు మీద పురుగుంటది" అనేది. చలికాలంలో పళ్ళు టకటకలాడుతుంటే నాకు ఆమె మీద ఎంత కోపం వచ్చేదో చెప్పలేను.

నేను చేరిన బడి ఆడపిల్లలది. పదో తరగతి పుస్తకంలో చివరి పాఠం జీవ పరిణామం. అందరు టీచర్లూ దాన్ని "ఇంట్లో చదువుకోండి" అని వదిలేసేవాళ్ళు. చెప్తే పిల్లలు కోతి కోతి అని నవ్వుతారు, వాళ్ళ తల్లిదండ్రులు గొడవకొస్తారు, ఎందుకొచ్చిన తంటా అని. నేను కొత్త, పైగా మొండిదాన్ని. చివరి పాఠాన్ని ముందుకు జరిపి, కోతితో కాకుండా చేతితో మొదలుపెట్టేదాన్ని. "ఎడమ చేత్తో కుడి ముంజేతిని పట్టుకోండి. ఇప్పుడు కుడి అరచేతిని తిప్పండి. లోపల ఒక బొక్క ఇంకో బొక్క మీదుగా తిరుగుతోందా?" తరగతి అంతా గాజుల చప్పుడుతో నిండిపోయేది. ఆ రెండింటి పేర్లు రత్ని, అరత్ని అని చెప్పి, అప్పుడు సంచిలోంచి కోడి రెక్క తీసేదాన్ని. చూడండి, ఇక్కడా పైన ఒకటి, కింద రెండు. తర్వాత మేక ముంగాలు. ఇక్కడా అవే, కాకపోతే కింది రెండూ అతుక్కుపోయి ఒకటయ్యాయి. ఎగిరేదానికీ, నడిచేదానికీ, పలక పట్టేదానికీ లోపల ఒకటే కట్టుబడి ఎందుకుంది? ఆ ప్రశ్న వేసి ఊరుకునేదాన్ని. మాంసం తినే ఇళ్ళ పిల్లలు "మేడమ్, గిది నేను మొన్ననే నమిలిన" అని ఎగిరి గంతేసేవాళ్ళు. వాళ్ళ పళ్ళకు ఎప్పుడో తెలిసిన సంగతి నేను కళ్ళతో మాత్రమే నేర్చుకున్నాను.

ఇంతకీ ఆ ఎముకలు ఎక్కడివి అంటారా? నీసు ముట్టని ఇంటి పిల్లకు కోడి రెక్క ఎవరిస్తారు? వెనక పోర్షన్ సుగుణమ్మ ఇచ్చేది. మెదక్ వైపు నుంచి వచ్చిన కిరస్తానీ కుటుంబం వాళ్ళది. భర్తకు నాంపల్లి స్టేషన్‌లో గుమాస్తా పని. ఆదివారం చర్చి నుంచి రాగానే వాళ్ళింట్లో మటన్ ఉడికేది, మా ఇంట్లో కిటికీలు మూతపడి సాంబ్రాణి లేచేది. రెండు ఇళ్ళకూ అది అలవాటే, ఎవరికీ కష్టం లేదు. నాకోసం సుగుణమ్మ ఏటా ఒక మేక ముంగాలు, ఒక కోడి రెక్క కొట్టించకుండా తెప్పించేది. పాత సిల్వర్ గిన్నె ఒకటి దానికే కేటాయించి, ఉప్పూ పసుపూ లేకుండా, చాకలి సోడా వేసి ఉడికించి, మాంసం వదిలించి, కాకులు ఎత్తుకుపోకుండా మిద్దె మీద గంప బోర్లించి ఎండబెట్టేది. సోమవారం పొద్దున సందు మలుపులో నిలబడి, పాత పేపర్లో చుట్టి నా సంచిలో పెట్టేది. మా గడప ఆ పొట్లం ఏనాడూ దాటలేదు.

"పద్మా, మా పోరగాళ్ళకు నల్లి బొక్క చీకుడు దక్కుతలే నీ పుణ్యాన. బొక్క ఇరగొట్టిన్రంటె ఈపు పలగ్గొడ్తనని చెప్పిన" అనేది నవ్వుతూ. ఒకసారి నేనే అడిగాను, "నేనేం పాఠం చెప్తున్ననో తెల్సు కదా ఆంటీ, మీకు తప్పనిపించదా?" అని. "మనిషిని దేవుడు మట్టితోని చేసిండు. గది నాకు ఎరికే, నువ్వు చెప్తె పోతదా? నీ ముచ్చట నువ్వు చెప్పుకో. కని నేనిచ్చిన బొక్కలు తెల్లగ లేవని ఎవ్వలన్న అన్నరనుకో, నాకు నామోషి" అంది. వారం మధ్యలో ఎప్పుడైనా ఆ ఎముకల గిన్నె పొయ్యి మీదికెక్కితే బాపమ్మ గోడ మీంచి అరిచేది. "ఏంది సుగుణా, ఇయ్యాల ఐతారం గాదు గద?" "చుట్టాలొచ్చిన్రు పెద్దమ్మా." ఏ చుట్టాలూ కనిపించేవాళ్ళు కాదు. బాపమ్మ మళ్ళీ అడిగేది కాదు.

ఒక వానాకాలం బాపమ్మ వాకిట్లో షాబాద్ బండ మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో ఫోటో తీసి, కట్టు కట్టి పంపారు. కట్టు తడవకూడదు కాబట్టి ఆమె మడి మూలపడింది. తన చేత్తో వండుకోలేక, అమ్మ వండింది తినటానికి మనసొప్పక, చాలా రోజులు పాలూ పండ్ల మీదే గడిపింది. ఆ పండ్లు సుగుణమ్మ మొజంజాహీ మార్కెట్ నుంచి తెచ్చేది. వాళ్ళింటి మంచినీళ్ళు కూడా తాగని బాపమ్మ ఆ బత్తాయిలు మాత్రం మారు మాట్లాడకుండా తినేది. పండుకు మైల లేదు, అది ఆమె శాస్త్రం. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ పక్క మేకుకు తగిలించి వచ్చినవాళ్ళందరికీ చూపించేది. "గిది నా లోపటి చెయ్యి." గ్రహణం రోజు సూర్యుణ్ణి చూడటానికి పనికొస్తుందని బాపు అంటే, కళ్ళు పోతాయని నేను వాదం పెట్టుకున్నాను. అప్పుడే మాటల్లో, పిల్లలకు మనిషి చెయ్యి చూపించటానికి బడిలో ఒక్క మంచి బొమ్మ లేదన్నాను. బాపమ్మ వెంటనే మేకు మీంచి ఫిల్మ్ తీయించింది. "నా చెయ్యి తీస్కపో. మనిషి చెయ్యే గదా గావాలె? ఊకెనే గోడకేలాడుడు ఎందుకు, పది మంది పిల్లలు సూస్తరు."

తరగతిలో నేను అన్నిటినీ ఒక్కొక్కటిగా చూపించి సంచిలో పెట్టేసేదాన్ని. ఆ ఏడు బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. పదో తరగతి పిల్లలు నన్నడిగి వస్తువులు తీసుకుని, వాళ్ళంతట వాళ్ళే గబ్బిలం రెక్క కూడా గీసి, ఒక అట్ట మీద నాలుగూ పక్కపక్కన కుట్టారు. అలా పక్కపక్కన రావటమే అసలు పాఠం. వాళ్ళకు అది నాకంటే బాగా తెలిసింది. అట్ట ఇచ్చింది బాపు. "అమ్మ చెయ్యి పెట్టెటందుకు గదా, మంచిది తీస్కపో" అని దుకాణంలో అన్నిటికంటే దళసరిది తీసి పంపాడు. ఎగ్జిబిషన్ రోజు దుకాణం మూసి, బాపమ్మకు పట్టుచీర కట్టించి, రిక్షాలో తీసుకొచ్చాడు. ఆమె చెయ్యి చూడటానికి వెనకే సుగుణమ్మ కూడా వచ్చింది. బాపమ్మ వాడంతా ముందే చెప్పుకుంది మరి.

అట్ట ముందు పిల్లలు వాళ్ళకు దారి ఇచ్చారు. ఫిల్మ్ కింద గుండ్రటి అక్షరాలతో "మనిషి చెయ్యి, మా టీచర్ గారి బాపమ్మది" అని రాశారు. పక్కనే "కోడి రెక్క". బాపు ఒకసారి చదివి, నమ్మకం కుదరనట్టు మళ్ళీ చదివాడు. అంతలో సుగుణమ్మ వంగి చూసి, సంతోషం పట్టలేక "అరె, నేను ఉడికిచ్చిన రెక్కనే గదా గిది! ఎంత తెల్లగొచ్చిందో సూడు పెద్దమ్మా!" అనేసింది. అన్నాక తనకే అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు మొహం నల్లబడింది. బాపమ్మ ఒక్కతే ఇంకా అట్టనే చూస్తోంది. కట్టు విప్పి ఎక్కువ కాలం కాని చేతిని మెల్లగా అటూ ఇటూ తిప్పుకుంటోంది. తర్వాత వెళ్ళి రిక్షా ఎక్కింది.

ఆ సాయంత్రం వెనక గదిలో నాకోసం పెట్టిన బకెట్ నీళ్ళు ఆమే పోసుకుంది. బాపు గొంతు మాత్రం వాడంతా వినిపించింది. "మా అమ్మ చెయ్యిని కోడి పక్కన ఏలాడదీస్తరా? ఊరంత నవ్వబట్టె. రేపటి సంది ఇస్కూలు బందు. అయింది నీ సదువు, అయింది నీ నౌకరి." అమ్మ అడ్డం పోలేదు. నేను ఏదో చెప్పబోతే "కోళ్ళ పాఠం నాకు చెప్పకు" అని కసిరాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఇంట్లోనే ఉన్నాను. ఏడ్చాను, బాగా ఏడ్చాను. నాకు అప్పటికి ప్రపంచంలో చేతనైంది ఆ ఒక్క పనే. ఆ తరగతి గదిలో నిలబడి ప్రశ్న వేసి, పిల్లల కళ్ళలో అది వెలిగేదాకా ఊరుకోవటం. అది పోతే నేను ఇంకే పనికీ వచ్చే మనిషిని కానని గట్టిగా అనిపించింది. పెద్ద టీచరమ్మ కబురు పంపింది, రాకపోతే ఇంకొకరిని చూసుకుంటామని. బాపమ్మ నాతో మాట్లాడలేదు. ఆమె నన్ను అసహ్యించుకుందనే అనుకున్నాను.

ఒక పొద్దున బాపు చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు. బడికి పోయి ఫిల్మ్ తెచ్చేస్తానని, నా రాజీనామా కూడా ఇచ్చి వస్తానని. బాపమ్మ తడి చీరతో పొయ్యి దగ్గరి నుంచే పిలిచింది. మడిలో ఉండగా ఆమె నోరు విప్పటం మేమెప్పుడూ వినలేదు.

"ఎవల చెయ్యిరా అది?"

"నీదే అమ్మా."

"నాదైతె నువ్వెవనివి తెచ్చెటందుకు?"

"కోడి పక్కన పెట్టిన్రు అమ్మా! నువ్వు సూసినవు గదా!"

"సూసిన. మడి నాదా, నీదా? మైల ఏందో నువ్వు చెప్తవా నాకు? ఫోటోకు మైల లేదు. దేవుళ్ళ పక్కన ఎలుక లేదా, నెమలి లేదా, ఎద్దు లేదా? వాళ్ళకు అంటనిది నాకు అంటుతదా? పిల్లను పోనియ్యి." ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ ఇను. నేను కోడికి చుట్టాన్నని మాత్రం ఎవ్వలకూ చెప్పకు. గది అబద్ధం. చేతులు ఒక్క తీరుగ ఉన్నయ్, నేను కండ్లార చూసిన, గంతే" అంది. బాపు చెప్పులు విడిచేశాడు. నేను ఆ రోజే బడికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి బకెట్ నిండి ఉంది.

బాపు మాత్రం మెత్తబడలేదు. బడికి చార్టులు, అట్టలు ఎప్పటిలాగే పంపాడు కానీ తాను మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళాక కూడా, నేను కనిపిస్తే ఆరోగ్యం అడిగేవాడు, పిల్లల్ని అడిగేవాడు, నా పని గురించి ఒక్క మాట అడిగేవాడు కాదు. వచ్చిన చుట్టాలకు నన్ను చూపించి "మా కోళ్ళ టీచరమ్మ" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. లోపల గుచ్చుకునేది. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నవ్వేవాడు కాదని నాకు తెలుసు.

అట్టను బల్ల మీద పెట్టుకుని ఇదంతా తలుచుకుంటుంటే శ్రావణి మొహమాటంగా అడిగింది. "మేడమ్, టెన్త్ వాళ్ళకు ఇప్పుడు పీరియడ్ ఖాళీ. ఒక్కసారి మాట్లాడతరా? ఆ లెసన్ ఎగ్జామ్‌కు లేదు, నేను చెప్తలేను. టైం ఉండదు మేడమ్." ఆమె తప్పు లేదు. పొద్దున్నుంచీ నాలుగు తరగతులు చెప్పి, ఫోన్‌లో హాజరు ఎక్కించి, తల్లిదండ్రుల మెసేజ్‌లకు జవాబులు రాసి, నాకంటే ఎక్కువగా అలిసిపోయి ఉంది. సరేనన్నాను. ముంజేతులు పట్టుకోమన్నాను. పట్టుకున్నారు. రత్ని, అరత్ని అన్నాను. ముందు బెంచీలో ఒకమ్మాయి కలం మూత తీసి, "మేడమ్, ఇది ఎగ్జామ్‌ల వస్తదా?" అంది. రాదన్నాను. మూత మళ్ళీ పెట్టేసింది. మర్యాదగానే పెట్టేసింది. "మరి దీనితోని యూజ్ ఏంది మేడమ్?" అని వెనక నుంచి ఇంకో పిల్ల. గేలి చెయ్యటానికి కాదు, నిజంగానే అడిగింది. కోతి అని కూడా ఎవరూ నవ్వలేదు. ఇంటికి పోయి చెప్పినా వీళ్ళ నాన్నలెవరూ చెప్పులు తొడుక్కుని గొడవకు రారు. అంత కోపం రావాలంటే అంత పట్టింపు ఉండాలి. నా కాలంలో ఆ పాఠం ఒక్క ముక్క నమ్మని ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు ఎముకలు ఉడికించి, ఒకరు తన చెయ్యి ఇచ్చి దాన్ని నిలబెట్టారు. ఇప్పుడు అందరూ నమ్ముతారట, ఎవరికీ అక్కర్లేదు. యూజ్ ఏమిటో ఆ పిల్లకు చెబుదామని నోరు తెరిచాను. సరైన ముక్క కోసం వెతుక్కుంటుండగానే గంట కొట్టారు. శ్రావణి థాంక్స్ చెప్పి, ఫిల్మ్ ఒక కవర్లో పెట్టి ఇచ్చింది. తిరుగు దారిలో ఆటో ఎక్కాను.

ఆ పిల్లకు చెప్పవలసింది ఆటోలో గుర్తొచ్చింది. చెప్పినా అర్థమయ్యేది కాదేమో.

బాపమ్మ పోయినప్పుడు నేను పుట్టింట్లోనే ఉన్నాను. చాదర్‌ఘాట్ అవతల మూసీ ఒడ్డున దహనం చేశారు. మర్నాడు పొద్దున బాపు, తమ్ముడు అస్థికలు ఏరటానికి వెళ్ళారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు అక్కడికి పోరు. కాసేపటికి తమ్ముడు ఒక్కడే ఆటోలో తిరిగొచ్చాడు. "అక్కా, బాపు నిన్ను రమ్మంటుండు" అన్నాడు. అమ్మ బెదిరిపోయింది, ఏమైందోనని. నేను ఉన్నపళంగా వెళ్ళాను. బూడిద మీద అప్పుడే నీళ్ళు చల్లినట్టున్నారు, ఇంకా పొగ లేస్తోంది. పంతులు గారు కొంచెం దూరంగా జరిగి, నచ్చనట్టు నది వైపు చూస్తున్నారు. బాపు కుండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. రాత్రంతా ఏడ్చిన మొహం.

"పాదాల కాడి నుంచి మొదలువెట్టి తల దాంక వరుసగ తియ్యాలంట" అన్నాడు. "అందరు ఏది దొర్కితె అది తీస్కపోతరు, ఏం గాదంటుండు పంతులు. నాకు పానం ఒప్పుతలేదు. ఒక్కటి ముందుగాల, ఒక్కటి ఎన్క పెడితె మా అమ్మ ఊకుంటదా? బతికినన్నాళ్ళు ఊకున్నదా?" కుండ నా పక్కన కింద పెట్టాడు. "నాకు ఏది ఏందో తెలుస్తలేదు పద్మా. నువ్వు చూపియ్యి, నేను తీస్త."

నేను కొంగు నడుముకు దోపుకుని వంగాను. ఏదీ పూర్తిగా లేదు, అన్నీ ముక్కలే. కొన్ని తెలిశాయి, కొన్ని ఊహించి చెప్పాను. ఇది మడమ. ఇది కాలిది. ఇది మోకాలి చిప్ప. నేను వేలు చూపిస్తే బాపు రెండు చేతులతో తీసి, పాలతో కడిగి, కుండలో పెడుతున్నాడు. పేరు చెప్పమనేవాడు. చెప్తే నోట్లో అనుకుని పెట్టేవాడు. అలా నడుము దాటి చేతుల దాకా వచ్చాం. సన్నటి ముక్క ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"గిది?"

"ముంజేయి బాపూ. రత్ని అంటరు. దీని పక్కన ఇంకోటుంటది, అరత్ని."

రెండోది కూడా వెతికి చూపించాను. బాపు ఆ రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. పంతులు గారు దగ్గారు. బాపు వినిపించుకోలేదు.

"కోడికి గూడ రెండేనా?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

"ఔ బాపూ, రెండే."

ఆయన తలూపాడు. రెండు ముక్కలనూ పాలతో కడిగి, ఒకదాని తర్వాత ఒకటి కుండలో పెట్టి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"చెప్పు. తర్వాత ఏందో చెప్పు" అన్నాడు.